పేరు చెప్పని మేక

బక్కె, ఓల్ లోయ
1952 నవంబరు 16

బెర్గెన్ వానలో నానుతున్న మా మరదలికి,

ఇక్కడ మంచు మోకాలిదాకా పడింది. నది అంచులు తెల్లబడ్డాయి. అక్కడ నీకు వాన తప్ప ఇంకేమీ ఉండదని తెలిసే, నీ కడుపు మండాలని ముందుగా ఈ ముక్క రాశాను.

క్రిస్మస్ దగ్గర పడుతోంది, నిన్న యూల్ బీరు కోసం బార్లీ నానబోశాను. పండక్కి ఇంట్లో తాగేది నేనొక్కదాన్నే అయినా పెద్ద పీపా నిండా కాస్తున్నాను. ఎందుకో నీకు తెలుసు. నా తమ్ముడు ఎంబ్రిక్ పోయినప్పటి నుంచీ నిన్ను అడుగుతూనే ఉన్నాను. ఎన్నోసారో లెక్కపెట్టడం మానేశాను. వచ్చెయ్యి బిర్గిట్. పండక్కి కాదు, ఉండిపోవడానికి. వాడు పుట్టిన ఇల్లిది, నువ్వు కోడలిగా అడుగుపెట్టిన ఇల్లిది. రైల్వే వాళ్ళిచ్చిన ఆ రెండు గదుల్లో గోడల్ని చూస్తూ ఎన్నాళ్ళుంటావు? పడమటి గది కడిగించాను, కొత్త దుప్పట్లు నేశాను. అందులో ఇప్పుడు పిల్లి పడుకుంటోంది. దానికి అంత వైభోగం మంచిది కాదు.

ఇక మీ అన్న సంగతి. నది అవతల ఉన్నా సేవత్ నోరు నది ఇవతలికి వినపడుతూనే ఉంటుంది. మొన్న ఆదివారం చర్చి మెట్ల మీద, అందరూ వినేలా మొదలుపెట్టాడు.

“ఏం వదినా, ఈసారి కూడా మేకలన్నిటి పేర్లూ చెప్పేస్తావా? కళ్ళు మసకబారాయటగా?”

“మసకబారినా నీ గడ్డం కనిపిస్తూనే ఉంది సేవత్. అందులో ఏదో జంతువు కాపురం పెట్టినట్టుంది.”

“అయితే పందెం!”

“పందెమే!”

అలా నోరు జారి ఇరుక్కున్నాను. మేక చర్మం కప్పుకుని, కొమ్ములు పెట్టుకుని నా గడప తొక్కిన ప్రతి మనిషినీ, యూల్ వెళ్ళిపోయే ఇరవయ్యో రోజు, అంటే జనవరి పదమూడు, ముగిసేలోపల నేను పేరు పెట్టి పిలవాలి. అందరి పేర్లూ చెబితే మీ అన్న చర్చి వాకిట్లో గడ్డం గీయించుకుంటాడు. ఒక్క మేక తప్పిపోయినా మా తాత చెక్కిన బీరు గిన్నె నది దాటి వాళ్ళింటికి పోతుంది. నువ్వేం బెంగపడకు. ఇన్నేళ్ళలో ఈ గురి ఎప్పుడైనా గురి తప్పిందా?

మీ వదిన
గురి


బెర్గెన్
నవంబరు 24

ప్రియమైన వదినకు,

కడుపు మండింది, నీ కోరిక తీరింది. ఇక్కడ వాన గొడుగు లోపల కూడా కురుస్తోంది.

పందెం కాసే ముందు నన్నొక్క మాట అడగాల్సింది. మా అన్న చిన్నప్పుడు దాగుడుమూతల్లో కూడా మోసం చేసేవాడు. నన్ను గడ్డివాములో దాక్కోమని తాను భోజనానికి వెళ్ళిపోయేవాడు. ఆ గిన్నె గనక వాడి పాలైతే నేను నీతో మాట్లాడను. దాని అంచు మీద ఆయన పంటి గాటు ఉంది గుర్తుందా? చిన్నప్పుడు బీరు పోయలేదని కోపమొచ్చి గిన్నెనే కొరికేశారని మీ అమ్మ చెప్పి చెప్పి నవ్వేది. మా పెళ్ళినాడు అందులో తాగుతూ నేను ముందు ఆ గాటునే వెతికాను.

నువ్వు అడిగిన దానికి జవాబు ఎప్పటిదే వదినా. కోప్పడకుండా విను. వసంతంలో ఆయన్ని అక్కడ మట్టిచేసిన రోజు, చర్చి వాకిట్లో ఒకావిడ నా చెయ్యి పట్టుకుని “ఎవరి తాలూకమ్మా మీరు?” అని అడిగింది. ఆవిడా నేనూ బళ్ళో ఒకే బల్ల మీద కూర్చున్నవాళ్ళం. నాకు తల కొట్టేసినట్టయింది. ఇక్కడి చేపల బజారులో నన్ను కొండావిడ అంటారు. అక్కడేమో బెర్గెన్ దొరసాని అంటారు. ఇంతకీ నేనెవరినో నాకే తెలియడం లేదు.

నువ్వు ప్రేమతోనే పిలుస్తావు, కాదనను. కానీ ఆ ఇంట్లో నాకు చోటేది? పెళ్ళైన కొత్తలో నాలుగేళ్ళు ఉన్నాను, అంతే. ఇప్పుడొస్తే వచ్చినవాళ్ళకి నన్ను చూపించి “మా తమ్ముడి భార్య, పాపం” అంటావు. ఆ ‘పాపం’ అనే మాట నేను భరించలేను. జాలితో పిలిచిన ఇంట్లో కుర్చీ అంచునే కూర్చోవాల్సి వస్తుంది.

కాబట్టి ఈ యూల్‌కి నేనిక్కడే. బట్టలు కుట్టే పని పీకలదాకా ఉంది. పిల్లిని ఆ దుప్పట్ల మీదే పడుకోనివ్వు.

నీ
బిర్గిట్


బక్కె
డిసెంబరు 18

ఏమే దొరసానీ,

పాపం అనే మాట ఈ ఇంట్లో పందిని కోసేటప్పుడు తప్ప వాడం. మొన్ననే ఒకసారి వాడాం, మళ్ళీ ఏడాది వరకూ దాని అవసరం లేదు. నీ ఉత్తరం చదివి రెండు రోజులు నీతో మనసులోనే పోట్లాడాను. నువ్వు ఎదురుగా లేకపోవడంతో గెలిచింది నేనే.

పనులు తెమలడం లేదు. బీరు పొంగు దిగింది, ఈసారి నల్లగా, ఘాటుగా కుదిరింది. పిట్టల కోసం ఓట్స్ కంకుల కట్ట వాకిట్లో గుంజకు కట్టాను. పిచ్చుకలు అప్పుడే వచ్చి దాన్ని తనిఖీ చేసి వెళ్ళాయి. ఇళ్ళ మీదుగా గుర్రాలెక్కి పోయే దయ్యాల గుంపు లోపలికి రాకుండా తలుపులన్నిటి మీదా తారుతో సిలువలు గీశాను. సగం తారు నా ఆప్రాన్‌కే అంటింది, కాబట్టి నన్ను కూడా ఏ దయ్యమూ ముట్టదు.

మీ అన్న భార్య ఆస్నె రొట్టెలు ఒత్తడానికి సాయం వచ్చింది. మనిషి మంచిదే గానీ మా వంటింటి పొయ్యితో పడలేకపోయింది. ఆ పొయ్యి తలుపు నీకు తెలుసుగా, గొళ్ళెం పడదు, వేలాడుతూ ఉంటుంది. దానితో కుస్తీపట్టి చెయ్యి కాల్చుకుని, “ఈ పొయ్యికి నీ పొగరే వచ్చింది వదినా” అని తిట్టుకుంటూ పోయింది.

కంటికి కనపడకుండా కొట్టాన్ని కాచే ముసలి తాతకి పండగనాడు జావ పెట్టాలి, మధ్యలో వెన్న ముద్దతో సహా. వెన్న మరిచిపోయిన ఏడాది ఆవుల తోకలు ముడులేసి పెట్టాడు, నువ్వూ నేనూ కూర్చుని విప్పాం. ఒక్కదాన్నే ఉన్నప్పుడు అలాంటివి చేస్తే ఎలా అని ఈసారి ముద్ద పెద్దదే తీసి ఉంచాను.

రానన్నావు, సరే. కానీ పడమటి గదిలో దీపం పెడతాను. నూనె నాది, నా ఇష్టం.

మీ వదిన
గురి


బక్కె
డిసెంబరు 28

నా ప్రియమైన మరదలికి,

కూర్చుని చదువు, నవ్వి పడిపోతావు.

యూల్ రెండోనాటి సాయంత్రం మేకలొచ్చాయి. మొదటి గుంపులో ఒక పొడుగాటి మేక. దాని ఒంటి నుంచి తారు వాసన గుప్పుమంది. “స్కీలకు తారు పూసిన చేతులు కడుక్కోకుండా వేషం కడితే ఎలా తోర్‌స్టైన్?” అన్నాను. రెండో మేక లోపలికి రాగానే దాని వెనకాలే ఓ కుక్క వచ్చి తోక నాకడం మొదలుపెట్టింది. సొంత కుక్కే పట్టిస్తుంటే పోస్టాఫీసు ఊలే ఇంకేం దాస్తాడు? మూడోది అందరికంటే భయంకరంగా తల ఊపుతూ వచ్చింది, కానీ ఊపుతూనే నా కిటికీ మీద వేలితో రాసి దుమ్ముందేమోనని చూసుకుంది. పాస్టరు గారి భార్య! ముగ్గురూ ముసుగులు తీసేసి, బీరు తాగి, తలా ఓ మిఠాయి కొరికి పోయారు. పాస్టరు గారి భార్య కడుపు నిండిందని వద్దంటే, “రుచి చూడకుండా పోయి మా ఇంటి యూల్‌ని మోసుకుపోతారా?” అని చేతిలో పెట్టాను.

వాళ్ళు పోయాక ఒక మేక ఒంటరిగా వచ్చింది. పొట్టిది. నల్ల చర్మం, ఒక కొమ్ము వంకర. వంటింట్లోకి వచ్చి పొయ్యి పక్కన నిలబడింది. మేకలన్నీ మాట్లాడినట్టే ఊపిరి లోపలికి పీలుస్తూ మాట్లాడింది. అలా పీలుస్తూ మాట్లాడితే ఎవరి గొంతైనా ఒకటే అవుతుందిగా.

“ఎక్కడి మేకవే నువ్వు?” అన్నాను.

“కొండ అవతల.”

“కొండ అవతల ఏం మేస్తావు?”

“వాన.”

“వానా! అందుకే అంత చిక్కిపోయావు. పాలిస్తావా?”

“తన్నుతాను.”

“పెళ్ళైందా?”

ఆ మాటకు కొమ్ములు కిందికి వంచింది. ఇక పేర్లు మొదలుపెట్టాను. మిల్లు దగ్గరి ఓలా అన్నాను, కాదంది. ఆస్నె అన్నాను, తల అడ్డంగా ఊపింది. చివరికి చేతులెత్తేశాను. బీరు పోస్తే గిన్నె రెండు చేతులా పట్టుకుని తాగింది, ఒక మిఠాయి కొరికింది, వెళ్ళిపోయింది. నది అవతల మీ అన్న లాంతరు ఊపుతూ గంతులేయడం కిటికీలోంచి కనిపించింది.

పరువు పోయింది అనుకో. కానీ పేరు చెప్పించుకున్న మేక మళ్ళీ ఆ ఏటికి ఆ గడప తొక్కదు. పేరు దొరకని మేకకి ఇరవయ్యో రోజు దాకా ఎన్నిసార్లైనా వచ్చే హక్కుంది. అదొక్కటే నాకు ఊరట. ఆ మేక నాకెందుకో నచ్చింది. రోజూ వచ్చినా కాదనను.

మీ వదిన
గురి


బెర్గెన్
డిసెంబరు 31

వదినకు,

నీ ఉత్తరం అందింది. నవ్వొచ్చిందిలే.

తారు వాసన పట్టావు, కుక్క నాకింది చూశావు, పాస్టరు గారి భార్య వేలు చూశావు. మరి ఆ ఒంటరి మేక దగ్గర ఏమీ చూడలేదా? నడక గానీ, నిలబడే తీరు గానీ? గిన్నె పట్టుకున్న చేతుల్ని చూశావా? నీకు తెలిసిన మనిషే అయ్యుండొచ్చు కదా, బాగా దగ్గరి మనిషే అయ్యుండొచ్చు కదా. మిల్లు ఓలా అన్నావట. ఓలా ఎక్కడ, ఆ మేక ఎక్కడ! అంటే, నువ్వు రాసిన దాన్ని బట్టి అంటున్నాను.

మళ్ళీ వస్తే సరిగ్గా చూడు.

ఇక్కడ వాన ఆగలేదు. కొత్త సంవత్సరం శుభాకాంక్షలు.

బిర్గిట్


బక్కె
జనవరి 4

నా మరదలికి,

నీకు కూడా శుభాకాంక్షలు. నా మేకల గురించి నువ్వింత శ్రద్ధ పెడతావని తెలిస్తే ఏటా రాసేదాన్ని.

నిన్న సాయంత్రం అది మళ్ళీ వచ్చింది. అదే వంకర కొమ్ము. నేను దానికోసం బెల్లపు రొట్టె కూడా చేసి ఉంచాను. ఇంకో కబురు చెప్పనా, అది తలుపు తట్టకముందే దీపం పెద్దది చేశాను. అయితే ఈసారి దాని మాటలో ఆట లేదు.

“సరిగ్గా చూడు,” అంది, ఊపిరి లోపలికి పీల్చుకుంటూ.

“చూస్తూనే ఉన్నా. మన బిషప్పు గారా?”

“కాదు.”

“మా తాత దయ్యమా? గిన్నె పందెంలో పెట్టానని వచ్చాడా?”

“కాదు. చూడు.”

“స్టేషను మాస్టారా? మొలకలేసిన బంగాళాదుంపల మూటా?”

నేను నవ్వుతున్నాను గానీ అది నవ్వలేదు. చర్మం కింద భుజాలు కదిలాయి. తర్వాత గిరుక్కున తిరిగి వెళ్ళిపోయింది. బీరు ముట్టలేదు, బెల్లపు రొట్టె వైపు చూడలేదు. నేను గిన్నె పట్టుకుని ఇంటి చెప్పులతోనే మంచులోకి పరిగెత్తాను. “ఒక్క గుటకేనే! ఒక్క గుటక!” అని గేటు దాకా అరిచాను. ఆగలేదు. చెప్పు ఒకటి మంచులో కూరుకుపోయింది, పొద్దున పార పెట్టి తవ్వి తీశాను.

ఇప్పుడు చెప్పు, ఈ ఇంటి యూల్ ఏమైనట్టు? అది మోసుకుపోయింది. అబద్ధం కాదే, ఇల్లు బోసిగా ఉంది. బీరు చప్పబడింది. కొట్టంలో తాత జావ ముట్టలేదు, పిల్లి కూడా వాసన చూసి వదిలేసింది. మీ అన్న గిన్నె కోసం గోడకి కొత్త అల్మరా చేయిస్తున్నాడట, సుత్తి చప్పుడు ఇక్కడిదాకా వినిపిస్తోంది. ఇరవయ్యో రోజు దగ్గర పడుతోంది.

ఆ మేక మళ్ళీ వస్తుందంటావా?

మీ వదిన
గురి


బెర్గెన్
జనవరి 7

గురి గారికి,

రాదు.

ఆ మేకని నేనే. మా అన్నా నేనూ కలిసి చేసిన పన్నాగమిది. పండగ మర్నాడు మధ్యాహ్నం రైల్లో వచ్చాను, స్టేషనుకి వాడు స్లెడ్జి బండి తెచ్చాడు. నల్ల చర్మం వాడిది, కొమ్ములు మా పుట్టింటి అటక మీదవి. వాడికి గిన్నె కావాలి. నాకు ఒక సంగతి తెలియాలి. కొత్త సంవత్సరం తర్వాత మళ్ళీ వచ్చాను. మొదటిసారి ఊపిరి సరిగ్గా పీల్చలేకపోయానేమో, సరిగ్గా నిలబడలేదేమో అని నాకు నేనే సర్దిచెప్పుకుని వచ్చాను.

నాకు తెలియాల్సిన సంగతి ఇదీ. ఊళ్ళో ఎవరు గుర్తుపట్టకపోయినా పర్వాలేదు, మీరు గుర్తుపడితే చాలనుకున్నాను. చర్మం కప్పుకున్నా, గొంతు మార్చినా, ఇది బిర్గిట్, ఇది మా ఇంటి మనిషి అని మీ నోటి నుంచి వస్తే, ఆ రాత్రికి రాత్రే ఉండిపోదామని వచ్చాను. పెట్టె కూడా తెచ్చుకున్నాను. మా అన్న ఇంట్లో తలుపు పక్కనే పెట్టి వచ్చాను.

తోర్‌స్టైన్ వాసన మీకు తెలుసు. ఊలే కుక్క మీకు తెలుసు. ఒకే కుండలో వండుకు తిన్న నన్ను మాత్రం బంగాళాదుంపల మూట అన్నారు. ఆ మాటకి చర్మం లోపల ఏడ్చాను, మేక ముసుగులో ముక్కు తుడుచుకోవడం ఎంత కష్టమో మీకు తెలియదు.

మీ తప్పు ఏమీ లేదు. నేను అనుకున్నదే నిజమైంది. ఆ ఇంట్లో నాకు చోటు లేదు. ఉంటే మీకు కనిపించేది. పడమటి గదిలో దీపం ఆర్పేయండి, నూనె దండగ.

ఇట్లు
బిర్గిట్


బక్కె
జనవరి 9

పిచ్చిదానా,

నీ ఉత్తరం పొయ్యి ముందు నిలబడే చదివాను. కూర్చోవడం కూడా మరిచిపోయాను. ‘గురి గారికి’ అట! ‘మీరు’ అట! చదువుతూ ఏడ్చాను, మధ్యలో ముక్కు తుడుచుకోవడం గురించి రాసిన చోట నవ్వాను, మళ్ళీ ఏడ్చాను. ఇప్పుడు విను.

మొదటి సాయంత్రం నువ్వు లోపలికి వచ్చావు. పొయ్యి తలుపు వేలాడుతోంది. నువ్వు ‘కొండ అవతల’ అనకముందే, నేను నోరు తెరవకముందే, నడుస్తూ నడుస్తూ దానికి కింద ఎడమ పక్క మోకాలితో ఒక తోపు తోసి, మోచేత్తో గొళ్ళెం పైకెత్తావు. తలుపు పడింది. నువ్వు ఆ పని చేసినట్టు నీకే తెలియదు. ఆ తోపు తెలిసినవాళ్ళు ఈ భూమ్మీద ముగ్గురే. ఒకడు చర్చి వాకిట్లో నిద్రపోతున్నాడు. ఒకర్తి నా చర్మంలో ఉంది. మూడోది మేక చర్మంలో ఉంది.

వచ్చింది, నా మనిషి ఇంటికొచ్చింది అనుకున్నాను. నీ పేరు నాలుక చివరి దాకా వచ్చింది. అప్పుడే నా తెలివి నాకు అడ్డం పడింది. పేరు చెప్పేస్తే ఏమవుతుంది? ముసుగు తీస్తావు, నవ్వుతావు, నాలుగు మాటలు మాట్లాడతావు, మర్నాడు రైలెక్కుతావు, ఇక ఈ ఏటికి ఆ కొమ్ములు నా గడపలోకి రావు. చెప్పకపోతే? పేరు దొరకని మేక మళ్ళీ వస్తుంది. మళ్ళీ మళ్ళీ వస్తుంది. వచ్చి వచ్చి, చివరికి ముసుగు తనే తీసేసి “ఇక నేను పోను వదినా” అంటుందని ఆశపడ్డాను. అందుకే ఓలా అన్నాను, ఆస్నె అన్నాను, బిషప్పు అన్నాను. నీ కళ్ళు ముసుగు కంతల్లోంచి తడిగా మెరుస్తుంటే అది పొగ వల్ల అనుకున్నాను. నువ్వు నన్ను పరీక్షిస్తున్నావని నాకేం తెలుసు? మనం ఆడుకుంటున్నామనుకున్నాను.

గిన్నె అంటావా, పోతే పోయిందనుకున్నాను. ఇప్పటికే ఉన్ని గుడ్డలో చుట్టి పెట్టాను, ఇరవయ్యో రోజు మీ అన్నకి పంపడానికి. దాని మీద నా తమ్ముడి పంటి గాటు ఉంది, నిజమే. కానీ ఆ గాటు నాతో మాట్లాడదు. సాయంత్రం పూట ఎదురుగా కూర్చుని నా బీరుకి వంకలు పెట్టదు.

జాలి అన్నావు. జాలి పడాల్సింది నా మీద. మూడింటికే చీకటి పడే ఇంట్లో ఆవులతో మాట్లాడి, పిల్లితో పోట్లాడి, కొట్టంలో తాతకి ఊళ్ళో కబుర్లు చెబుతూ బతుకుతున్నాను. నేను నీకు చోటివ్వడం లేదే. నన్ను ఒంటరిగా వదిలెయ్యొద్దని బతిమాలుతున్నాను. ఇంత ముసలితనంలో ఈ మాట రాయడానికి సిగ్గేస్తోంది. అందుకే దీన్ని ఎప్పుడూ దుప్పట్ల గురించీ పిల్లి గురించీ రాసి కప్పెట్టాను. నువ్వు ఒక చర్మం కప్పుకుంటే నేను ఇంకో చర్మం కప్పుకున్నాను.

ఇక చివరి మాట. నువ్వు ఏమీ రుచి చూడకుండా పోయి ఈ ఇంటి యూల్‌ని మోసుకుపోయావు. మోసుకుపోయినవాళ్ళే తిరిగి తేవాలి. పోస్టులో పంపడానికి కుదరదు, ఊలే దాన్ని తూకం వేయలేడు.

దీపం ఆర్పలేదు.

నీ
వదిన


నది అవతలి నుంచి
ఇరవయ్యో రోజు, పొద్దున్నే

వదినా,

ఈ చీటీ ఆస్నె వదిన చేత పంపుతున్నాను. నిన్నటి రైల్లో వచ్చాను. పెట్టె తెచ్చాను, కుట్టుమిషను తెచ్చాను, ఆయన రైల్వే టోపీ తెచ్చాను. బెర్గెన్ గదుల తాళాలు అక్కడే ఇచ్చేశాను. వాన మాత్రం తేలేదు.

నీ ఉత్తరం రైల్లో మళ్ళీ మళ్ళీ చదివాను. ఎదురు సీట్లో కూర్చున్న పెద్దాయన “ఏమ్మా, ప్రేమలేఖా?” అని అడిగాడు. అవునన్నాను. పొయ్యి తలుపు సంగతి నాకు నిజంగానే తెలియదు వదినా. నా మనసు బెర్గెన్‌లో కూర్చుని చోటేదీ చోటేదీ అని ఏడుస్తుంటే, నా మోకాలు ఎప్పుడో ఇంటికి వచ్చేసింది.

ఇప్పుడు అసలు సంగతి. మా అన్న రాత్రంతా ఎగిరెగిరి పడ్డాడు. గిన్నె పంపే వేళయిందని, అల్మరాకి రంగు కూడా వేయించానని అన్నాడు.

“ఇరవయ్యో రోజు ఇంకా గడవలేదన్నయ్యా,” అన్నాను.

“గడవకపోతే? ఆ మేక మళ్ళీ పోతుందా ఏంటి?”

“పోతుంది.”

“గురి వదినకి నిజం తెలిసిపోయింది కదే! ఇది మోసం!”

“దాగుడుమూతల్లో నన్ను గడ్డివాములో వదిలేసి భోజనానికి పోయినవాడివి నువ్వు. నాకు మోసం గురించి చెప్పకు.”

ఆస్నె వదిన వెళ్ళి కత్తెర తెచ్చి బల్ల మీద పెట్టింది. మా అన్న ఇప్పుడు రెండు చేతులతో గడ్డం పట్టుకుని కిటికీ దగ్గర కూర్చున్నాడు.

మధ్యాహ్నం మంచు మీదుగా నడిచొస్తాను. అదే నల్ల చర్మం, అదే వంకర కొమ్ము. ఊపిరి ఈసారి బయటికే వదిలి మాట్లాడతాను. గిన్నె గుడ్డ విప్పి నిండా పోసి ఉంచు, ఆయన గాటు ఉన్న వైపు నాకు. నా పేరు గట్టిగా చెప్పు, నది అవతల మా అన్నకీ వినపడాలి, చర్చి వాకిట్లో ఆయనకీ వినపడాలి.

పొయ్యి తలుపు మాత్రం ముట్టుకోకు. తెరిచే ఉంచు. నేనొచ్చి మూస్తాను.

నీ
బిర్గిట్